సగం ధరకు వచ్చే కాంపోజిట్ కొనొచ్చా? ముందు బాండ్ సీసా సంగతి చూడండి

డాక్టరు గారూ, మీరు ఒకటే అడిగాననుకుంటున్నారు గానీ అందులో మూడు ప్రశ్నలున్నాయి. కొత్తగూడెంలో కొత్తగా క్లినిక్ పెట్టారు. డెంటల్ డిపో అతను నాలుగు నెలల్లో ఎక్స్‌పైరీ అయ్యే కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) కిట్టు, దాంతోపాటు ఒక బాండింగ్ ఏజెంట్ (ఫిల్లింగ్‌ని పన్నుకి పట్టించే బాండ్), ఒక జీఐసీ (గ్లాస్ అయనోమర్ సిమెంట్) సెట్టు సగం ధరకు ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా అనేది మొదటిది. తారీఖు దాటాక మిగిలినది వాడితే నిజంగా ఏమైనా అవుతుందా, లేక కంపెనీలు అమ్ముకోవడానికి వేసిన తారీఖేనా అనేది రెండోది. ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ కాలం వస్తుందా అనేది మూడోది.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కాంపోజిట్ నాలుగు నెలల్లో మీరు ఖర్చు చేయగలిగినంత వరకే తీసుకోండి, కిట్టు వద్దు. జీఐసీ సీసాలు తెరిచి చూపిస్తే తీసుకోండి. బాండ్ మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఆ తారీఖు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. కంపెనీ తన లాట్‌ని (ఒకేసారి తయారైన సరుకుని) లేబుల్ మీద రాసిన ఉష్ణోగ్రతలో దాచి, కొన్ని నమూనాలను వేడిలో పెట్టి తొందరగా ముసలివాటిని చేసి, ఎంతకాలం దాకా బలం, క్యూర్ అయ్యే (వెలుతురుకి గట్టిపడే) లోతు, రంగు తగ్గకుండా ఉన్నాయో చూసి తారీఖు వేస్తుంది. కాంపోజిట్‌కి మామూలుగా రెండు నుంచి మూడేళ్లు. బాక్సు మీద ఇసుక గడియారం బొమ్మ పక్కన ఉండేది ఎక్స్‌పైరీ, ఫ్యాక్టరీ బొమ్మ పక్కన ఉండేది తయారైన తేదీ, ఇవి అందరూ చూస్తారు. థర్మామీటర్ బొమ్మని మాత్రం ఎవరూ చూడరు, అసలు షరతు ఉన్నది అక్కడే. చాలా కాంపోజిట్లకి 2 నుంచి 25 డిగ్రీలు అని ఉంటుంది. ఆ షరతు పాటించిన సీసాకే ఆ తారీఖు వర్తిస్తుంది. మే నెలలో హైదరాబాద్ నుంచి మీ ఊరికి బస్సు పార్సిల్‌లో వచ్చి, బస్టాండ్ పార్సిల్ ఆఫీసులో రేకుల కింద ఒక మధ్యాహ్నం గడిపిన పెట్టె మీద ఏ తారీఖు ఉంటే ఏం లాభం? మనవైపు కొత్తగూడెం, రామగుండం, ఖమ్మం, అటు రెంటచింతల ఎండలు ఎలా ఉంటాయో నేను మీకు చెప్పక్కర్లేదు. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపు అవుతుందనేది మోటు లెక్క. కంపెనీలు నమూనాలను తొందరగా ముసలివాటిని చేయడానికి పట్టుకునేది కూడా ఇదే లెక్క.

ఇప్పుడు కాంపోజిట్ లోపల ఏం జరుగుతుందో చూడండి. 1962లో రాఫెల్ బోవెన్ పేటెంట్ తీసుకున్న బిస్-జీఎంఏ రెసిన్ దగ్గర నుంచి మూల సూత్రం పెద్దగా మారలేదు: రెసిన్, అందులో గాజు లేదా సిలికా పొడి, ఆ రెండింటినీ పట్టి ఉంచే సైలేన్, వెలుతురు పడితే పని మొదలుపెట్టే క్యాంఫర్‌క్వినోన్, దానికి తోడు ఒక అమీన్. వీటితోపాటు కొద్దిగా ఇన్హిబిటర్ కూడా కలుపుతారు, సిరంజిలోనే గట్టిపడకుండా ఆపేది అదే. నిల్వలో ఉన్నంతకాలం గట్టిపడటాన్ని మొదలుపెట్టే ఫ్రీ రాడికల్స్ కొద్దికొద్దిగా పుడుతూనే ఉంటాయి, ఇన్హిబిటర్ వాటిని మింగుతూ తాను ఖర్చవుతూ ఉంటుంది. వేడి ఎక్కువైతే ఖర్చు ఎక్కువ. అది అయిపోవచ్చే దశలో మెటీరియల్ సిరంజిలోనే సగం గట్టిపడి, ఇన్‌స్ట్రుమెంట్‌తో తీస్తే పొడిపొడిగా విరుగుతుంది, గోడలకి అతుక్కోదు. తేమ తగిలిన చోట సైలేన్ బంధం కూడా బలహీనపడుతుంది. ఇది కంటికి కనిపించదు, రెండేళ్ల తర్వాత ఫిల్లింగ్ అరిగినప్పుడు తెలుస్తుంది. ఫ్లోవబుల్ (పల్చగా జారే) రకాల్లో మొదట కనిపించే గుర్తు వేరు: సిరంజి మూత తీయగానే ముందు ఒక చుక్క పారదర్శకమైన రెసిన్ వచ్చి, తర్వాత అసలు రంగు మెటీరియల్ వస్తే పొడి అడుక్కి దిగిపోయిందని అర్థం. ఆ సిరంజి పక్కన పెట్టేయండి.

కాబట్టి ఎక్స్‌పైరీ రోజు అర్ధరాత్రి పన్నెండు గంటలకి కాంపోజిట్ చెడిపోదు, ఆ మాట నిజం. మెల్లగా దిగజారుతుంది, బాగా దాచిన సిరంజి తారీఖు దాటాక కూడా చూడటానికి బాగానే ఉంటుంది. అయినా వాడొద్దనే అంటాను. బాగున్నదీ, సైలేన్ పోయినదీ మన చేతికి ఒకేలా తగులుతాయి. రెండో కారణం చట్టం. డబ్బు తీసుకుని వైద్యం చేసేవాళ్లు వినియోగదారుల చట్టం కిందికి వస్తారని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చేసింది. పన్ను విరిగి పేషెంట్ కోర్టుకెళ్లినప్పుడు మీ చేతి పని ఎంత గొప్పదైనా సరే, రిజిస్టర్‌లో ఉన్న లాట్ నంబర్‌కి తారీఖు దాటిందంటే అక్కడితో మీ వాదన ఆగిపోతుంది. లాట్ నంబర్ రాసే రిజిస్టర్ లేదంటారా, అది ఇంకా ఘోరం, ఈ రోజే మొదలుపెట్టండి.

కాంపోజిట్ గురించి ఇంత చెప్పాను గానీ నాకు ఎక్కువ భయం దాని మీద కాదు. బాండింగ్ ఏజెంట్ మీద. పన్నుకీ ఫిల్లింగ్‌కీ మధ్య పట్టు అంతా ఆ పల్చటి పొరదే, చెడిపోవడంలో ముందుండేదీ అదే. ఇప్పుడు అందరూ వాడే ఒకే సీసా సెల్ఫ్ ఎచ్ (పంటిని తానే గరుకు చేసే), యూనివర్సల్ బాండ్లలో ఆమ్ల స్వభావం ఉన్న మోనోమర్ (రెసిన్ ముడిసరుకు), నీళ్లు, ద్రావకంగా ఎసిటోన్ లేదా ఆల్కహాల్, హెమా అనే ఇంకో మోనోమర్, వెలుతురుకి పని మొదలుపెట్టే ఫోటో ఇనీషియేటర్ అన్నీ ఒకే చోట కాపురం ఉంటాయి. నీళ్లున్న ఆమ్లంలో ఆ మోనోమర్లలోని మెథాక్రిలేట్ ఈస్టర్ బంధాలు మెల్లగా తెగిపోతాయి. అమీన్‌ని కూడా ఆ ఆమ్లం నిర్వీర్యం చేస్తుంది. కంపెనీలు దీనికి రకరకాల ఉపాయాలు చేశాయి, కొత్త రకాలు పాతవాటికంటే నిలకడగా ఉంటాయి, కానీ రసాయనం రసాయనమే. అందుకే కొన్ని బాండ్ల మీద 2 నుంచి 8 డిగ్రీలు, అంటే ఫ్రిజ్‌లోనే ఉంచమని రాసి ఉంటుంది. డిపో అతని షాపులో అది ఫ్రిజ్‌లో ఉందా, గాజు షోకేసులో ట్యూబ్‌లైట్ కింద ఉందా మీరు చెప్పగలరా?

రెండోది ద్రావకం ఆవిరి. ఎసిటోన్ ఉన్న బాండ్ మూత సరిగ్గా పెట్టకపోతే కొన్ని వారాల్లోనే చిక్కబడుతుంది. డెంటిన్ (ఎనామిల్ కింది పొర) గొట్టాల్లోకి, అందులోని కొలాజెన్ పోగుల మధ్యకి వెళ్లాల్సిన ద్రవం పైపైనే నిలబడిపోతుంది. పన్ను మీద పూసి గాలి ఊదినప్పుడు అలలు అలలుగా కదిలి, తర్వాత కదలకుండా మెరుస్తూ నిలవాలి కదా, చిక్కబడిన బాండ్ మొదటి నుంచీ కదలదు. చాలా క్లినిక్కుల్లో అసిస్టెంట్ పొద్దున్నే డ్యాపెన్ డిష్‌లో (చిన్న గిన్నెలో) రెండు చుక్కలు వేసి రెడీగా పెడుతుంది, డాక్టర్ ఎచింగ్ (ఆసిడ్‌తో పన్నుని గరుకు చేయడం) చేసి, ఫోన్ మాట్లాడి వచ్చేసరికి అందులో ద్రావకం ఉండదు. ఇది ఎక్స్‌పైరీ కన్నా పెద్ద సమస్య. అప్లికేటర్ తడపబోయే క్షణంలోనే చుక్క వేయాలి, వెంటనే మూత పెట్టాలి. ఫ్రిజ్ నుంచి తీసిన సీసాని గది వేడికి రానిచ్చి అప్పుడు తెరవాలి, చల్లగా ఉండగానే తెరిస్తే మన గాలిలో తేమ లోపల చేరుతుంది.

ఫిల్లింగ్ పెట్టిన వారానికే చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటోందని పేషెంట్లు వరుసగా వస్తుంటే కాంపోజిట్ బ్రాండ్ మార్చడం మన అలవాటు. ముందు బాండ్ సీసా మార్చి చూడండి. ఖర్చు తక్కువ.

ఎచింగ్ జెల్ గురించి టెన్షన్ అక్కర్లేదు. 37 శాతం ఫాస్ఫోరిక్ ఆసిడ్ అంత తేలిగ్గా పాడయ్యేది కాదు, ఫ్రిజ్ కూడా వద్దు. జెల్ విడిపోయి నీళ్లలా కారుతుంటే అది అనుకున్న చోట నిలబడదు, చిగుళ్ల మీదికి జారుతుంది, అప్పుడు మార్చేయండి.

జీఐసీ దగ్గరికి వద్దాం, మన ఊళ్లలో ఎక్కువగా నడిచేది ఇదే. పేషెంట్ "సిమెంట్ పెట్టండి డాక్టరు గారూ" అని అడిగేది దీన్నే. లండన్‌లోని గవర్నమెంట్ కెమిస్ట్ ల్యాబొరేటరీలో విల్సన్, కెంట్ తయారుచేసి 1972లో బయటపెట్టిన ఈ సిమెంటులో పౌడర్ ఒక ఫ్లోరైడ్ ఉన్న గాజు, లిక్విడ్ పాలీఆక్రిలిక్ ఆసిడ్. ఆ లిక్విడ్‌కి పుట్టుకతోనే ఒక జబ్బుంది: సీసాలో ఉండగా గొలుసులు ఒకదానికొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని జెల్‌లా చిక్కబడిపోతుంది. అది ఆపడానికే ఇటాకోనిక్ ఆసిడ్ లాంటివి కలిపారు, పని చేసుకోవడానికి సమయం దొరికి తర్వాత చటుక్కున సెట్ కావడానికి టార్టారిక్ ఆసిడ్ కలిపారు. అయినా మూత వదులుగా ఉన్నా, పాతబడినా చిక్కబడుతుంది. సీసాని తలకిందులుగా పట్టుకుని నొక్కితే శుభ్రంగా ఒక్కో చుక్క పడాలి. తీగలా సాగుతూ వస్తుంటే వద్దనండి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన లిక్విడ్ కూడా అలాగే చిక్కగా వస్తుంది, కాబట్టి గది వేడికి వచ్చాకే పరీక్ష చేయండి.

చిక్కటి లిక్విడ్‌తో అసలు నష్టం ఏమిటంటే, చుక్క పరిమాణమే మారిపోతుంది, ఒక స్కూప్‌కి ఒక చుక్క అన్న లెక్క తప్పుతుంది. కలపడం కష్టమైతే అసిస్టెంట్ పౌడర్ తగ్గిస్తుంది. ఫూజీ 9 అనే జీఐసీ రకానికి పౌడర్, లిక్విడ్ నిష్పత్తి బరువులో 3.6కి 1, అంటే పిండిలా గట్టిగా ఉండాలి. దాన్ని పల్చగా, క్రీములా కలిపితే ఆ బ్రాండ్‌కి చెప్పిన బలం ఏదీ రాదు. ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం ఫిల్లింగ్ జీఐసీకి కంప్రెసివ్ స్ట్రెంగ్త్ (నొక్కుడుని తట్టుకునే బలం) కనీసం 100 మెగాపాస్కల్స్ ఉండాలి, అతికించడానికి వాడే ల్యూటింగ్ జీఐసీకి 50 చాలు. మన చేతిలో పౌడర్ తగ్గితే మొదటిది రెండోదాని వైపు జారిపోతుందన్నమాట. పౌడర్ సీసాకి వర్షాకాలం శత్రువు. తడి స్కూప్ పెట్టినా, మూత తెరిచి ఉంచినా ఉండలు కడుతుంది. తీసేముందు సీసాని అరచేతి మీద తట్టి కదిలించండి, లేకపోతే అడుగున ఒత్తుకుపోయిన పౌడర్‌తో స్కూప్ బరువు పెరుగుతుంది. కలిపిన ముద్ద మెరుస్తూ ఉన్నప్పుడే పంటిలో పెట్టాలి, మెరుపు పోయాక పెడితే పన్నుతో రసాయనికంగా కలిసే ఆమ్లం మిగలదు, మూడు నెలలకే ముక్కగా ఊడి పేషెంట్ చేతిలో పట్టుకొస్తాడు.

ఇంకో అలవాటు చూస్తుంటాను, లిక్విడ్ ముందే అయిపోయి పౌడర్ మిగిలితే వేరే కంపెనీ లిక్విడ్‌తో కలిపేయడం. కొన్ని బ్రాండ్లలో ఆసిడ్‌ని ఎండబెట్టి పౌడర్‌లోనే కలుపుతారు, వాటి లిక్విడ్ నీళ్లో టార్టారిక్ ఆసిడ్ ద్రావణమో అయి ఉంటుంది. అలాంటి లిక్విడ్‌ని మామూలు పౌడర్‌లో పోస్తే వచ్చేది సిమెంట్ కాదు, బురద. లైట్ క్యూర్ జీఐసీలో రెసిన్ కూడా ఉంటుంది కాబట్టి దానికి కాంపోజిట్ జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కాల్షియం హైడ్రాక్సైడ్ పౌడర్ డబ్బా మూత తెరిచి వదిలేస్తే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పొడి అవుతుంది, ఆ తర్వాత పల్ప్ (పంటి లోపలి నరం) మీద పెట్టి ఉపయోగం లేదు. పల్ప్ మీద పెట్టే ఎంటీఏ, బయోడెంటిన్ లాంటివి తేమతోనే సెట్ అవుతాయి కాబట్టి ప్యాకెట్ చింపాక మిగిలింది దాచుకోవడం దండగ, ఖరీదు చూసి మనసొప్పకపోయినా సరే. యూజినాల్ (లవంగ నూనెలో ఉండేది) లేత పసుపులో ఉండాలి, గాలి, వెలుతురు తగిలి ముదురు గోధుమ రంగులోకి వస్తే పాతబడినట్టు. యూజినాల్ కాంపోజిట్ గట్టిపడటాన్ని అడ్డుకుంటుంది, జింక్ ఆక్సైడ్ యూజినాల్ టెంపరరీ పెట్టిన పన్నుకి కాంపోజిట్ చేసేటప్పుడు అది పూర్తిగా గీకి తీయాలి. అమాల్గమ్ విషయంలో పాడవడమనే సమస్య చాలా తక్కువ, వెండి మిశ్రమం, పాదరసం విడివిడిగా ఏళ్ల తరబడి ఉంటాయి. కానీ 2025 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ దాన్ని దాదాపు పూర్తిగా ఆపేసింది, పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని మన దేశం కూడా 2018లో ఆమోదించింది, కాబట్టి కొత్త క్లినిక్ పెట్టేవాళ్లు దాని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. పాతది తీసేటప్పుడు వచ్చే ముక్కల్ని మాత్రం మూత గట్టిగా ఉండే డబ్బాలో వేరుగా ఉంచండి.

ఫ్రిజ్ ప్రశ్న. పెట్టండి, మన ఎండలకి తప్పదు. ఏసీ ఉంది కదా అంటారు, రాత్రి, ఆదివారం ఆఫ్ చేసి తాళం వేసిన గదిలో వేసవి మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో ఒకసారి ఒక చవక థర్మామీటర్ లోపల పెట్టి చూడండి. స్టాక్ ఫ్రిజ్‌లో, వాడుకలో ఉన్న ఒక్కో సిరంజి బయట, ఈ పద్ధతి పెట్టుకోండి. లోపలికీ బయటికీ రోజూ తిప్పితే సిరంజి మీద చెమట పడుతుంది. ఫ్రిజ్ తలుపు అరలో వద్దు, తెరిచిన ప్రతిసారీ, కరెంటు పోయిన ప్రతిసారీ ముందు వేడెక్కేది అదే. ఫ్రీజర్ కింది పలకకి ఆనించి కూడా పెట్టొద్దు, జీఐసీ లిక్విడ్, నీళ్లున్న బాండ్ గడ్డకట్టకూడదు. మీ లంచ్ బాక్స్, సాంబారు గిన్నె పక్కన కూడా వద్దని వేరే చెప్పాలా? ఫ్రిజ్ తారీఖుని పొడిగించదు, ఉన్న తారీఖుని కాపాడుతుంది, అంతే. చల్లటి కాంపోజిట్ గట్టిగా ఉంటుంది, మూలల్లోకి సరిగ్గా చేరదు, క్యూర్ కూడా తక్కువ అవుతుంది. ఒక గంట ముందే బయట పెట్టండి. ప్యాడ్ మీద తీసి ఉంచిన ముద్దని చెయిర్ లైట్ కింద వదలొద్దు, ఆ వెలుతురులో కూడా నీలం ఉంటుంది, పైపొర అప్పుడే గట్టిపడటం మొదలవుతుంది. ఒక నారింజ రంగు మూత కప్పితే చాలు.

ఇవన్నీ సరిగ్గా చేసి కూడా ఫిల్లింగులు ఊడుతుంటే క్యూరింగ్ లైట్ (కాంపోజిట్‌ని గట్టిపరిచే నీలం లైటు) సంగతి చూడండి. క్యాంఫర్‌క్వినోన్‌కి 470 నానోమీటర్ల దగ్గర వెలుతురు కావాలి, లైట్ నీలంగా వెలుగుతున్నంత మాత్రాన అంత శక్తి ఇస్తోందని కాదు. టిప్ మీద ఎండిపోయిన కాంపోజిట్ అంటుకుని ఉన్న లైట్లు ఎన్ని క్లినిక్కుల్లో చూశానో. పాత సిరంజి మీద, లైట్ మీద అనుమానం ఉంటే మీరే పరీక్ష చేసుకోవచ్చు, కాంపోజిట్ల ప్రమాణం ఐఎస్ఓ 4049లో ఉన్న గీకుడు పరీక్షకి ఇది ఇంటి రూపం. వెలుతురు దాటని నల్లటి స్ట్రా నుంచి ఒక ఎనిమిది మిల్లీమీటర్ల ముక్క కోయండి. గాజు పలక మీద మైలార్ స్ట్రిప్ (పారదర్శకమైన పల్చటి ప్లాస్టిక్ పట్టీ) వేసి, దాని మీద ఆ ముక్కని నిలబెట్టి కాంపోజిట్ నింపండి, పైన ఇంకో స్ట్రిప్ పెట్టి ఒకవైపు నుంచే కంపెనీ చెప్పినంత సేపు లైట్ పెట్టండి. వెంటనే బయటికి తోసి, లైట్ తగలని వైపు మెత్తగా ఉన్నదంతా ప్లాస్టిక్ స్పాచులాతో గీకేయండి. మిగిలిన గట్టి ముక్క పొడవు కొలిచి రెండుతో భాగించండి. కంపెనీ రెండు మిల్లీమీటర్ల లోతు అంటుంటే గట్టి ముక్క నాలుగుకి తగ్గకూడదు. కొత్త సిరంజితో, పాత సిరంజితో, ఒకే షేడ్ (పంటి రంగు), ఒకే లైట్ పెట్టి రెండూ చేయండి. రెండూ తగ్గితే లైట్ తప్పు, పాతది మాత్రమే తగ్గితే సిరంజి తప్పు. అయితే ఈ పరీక్ష పాసైందని తారీఖు దాటింది నోట్లో పెట్టొద్దు, సైలేన్ సంగతి ఇది చెప్పదు.

మంచి మెటీరియల్ ఎంతకాలం రావాలి అంటే, 2014లో ఆప్డామ్ అనే పరిశోధకుడి బృందం చాలా అధ్యయనాల లెక్కలు కలిపి చూస్తే దవడ పళ్లలో కాంపోజిట్లు ఐదేళ్లకి ఏడాదికి 1.8 శాతం, పదేళ్లకి 2.4 శాతం చొప్పున ఫెయిలయ్యాయి. కారణాల్లో పెద్దవి రెండు, మళ్లీ పుచ్చడం, విరగడం. పుచ్చు ఎక్కువగా వచ్చే నోళ్లలో లెక్క ఇంకా చెడ్డగా ఉంది. ఏడాదిలోపే మీ ఫిల్లింగులు ఒకటి తర్వాత ఒకటి వెనక్కి వస్తున్నాయంటే దాన్ని బ్రాండ్ లోపం అనుకోకండి, చేతిలో, లైట్‌లో, నిల్వలో వెతకండి.

ఇక మీ బేరం. నాలుగు గ్రాముల సిరంజి నా లెక్కలో పదిహేను, ఇరవై మామూలు ఫిల్లింగులకి వస్తుంది. కొత్త క్లినిక్‌లో నాలుగు నెలల్లో ఎన్ని కాంపోజిట్లు చేస్తారో మీకే తెలుసు, కొంచెం తగ్గించే వేసుకోండి. డిపోవాళ్ల దగ్గర ఎక్స్‌పైరీకి దగ్గరపడేవి ఎప్పుడూ అమ్ముడుపోని షేడ్లే, సీ4, డీ3 లాంటివి. కిట్టులో అవి కలిపి అంటగడతారు, చివరికి అవే మీ డ్రాయర్‌లో మిగులుతాయి. ఏ2 ఒకటో రెండో, ఏ3 ఒకటి, పెద్దవాళ్లు ఎక్కువగా వస్తుంటే ఏ3.5 ఒకటి, అవి విడిగా ఇస్తే తీసుకోండి. ముందుగా బాక్సు మీద లాట్ నంబర్, ఇసుక గడియారం, థర్మామీటర్ మూడూ కనిపించేలా వాట్సాప్‌లో ఫొటో పంపమనండి, పంపనంటే బేరం అక్కడే ఆపేయండి. పార్సిల్ బస్సులో కాకుండా ఎవరైనా వచ్చేవాళ్ల చేతిలో, రాత్రి ప్రయాణంలో తెప్పించుకోండి. బాండ్ మాత్రం పూర్తి ధర పెట్టి కనీసం ఏడాది తారీఖు మిగిలి ఉన్న చిన్న సీసా కొనండి, పెద్ద సీసా చవక అన్నా వద్దు, తెరిచిన రోజు తారీఖు మార్కర్‌తో దాని మీద రాసి పెట్టుకోండి. తారీఖు దాటి మిగిలిన కాంపోజిట్‌ని టైపోడాంట్ (ప్లాస్టిక్ పళ్ల నమూనా) మీద చెయ్యి తిప్పుకోవడానికి, అసిస్టెంట్‌కి నేర్పడానికి వాడండి, కాకపోతే సిరంజి మీద ఎర్రగా రాసి వేరే డ్రాయర్‌లో పెట్టండి, పండగ రద్దీలో ఎవరి చెయ్యి ఎటు పోతుందో తెలియదు.